పాట నేర్పే భాష, మనుషులు నేర్పే భాష

చెన్నపట్టణంలో ఏటా డిసెంబరు నెలలో జరిగే సంగీత సభలలో ఎన్నో తెలుగు కృతులు వినిపిస్తాయి. పాడే విద్వాంసులలో చాలమందికి మాతృభాష తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం ఉన్నది. అందుచేత ఆ లిపిలో అచ్చయిన కీర్తనల పుస్తకాలలో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి, పలకవలసిన ధ్వనిని సూచిస్తారు. అంకె చెప్పలేనిదానిని శిష్యుడు గురువు నోట విని పట్టుకుంటాడు. 1847లో తిరువయ్యారులో కన్నుమూసిన త్యాగరాజు మాటలు ఈ విధంగా తెలుగు రానివారి నోట కూడ నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే అటువంటి గాయకుడు విజయవాడ స్టేషనులో దిగి, బండి ఎన్ని గంటలకని తెలుగులో అడగవలసివస్తే తడుముకోవచ్చును. మూడు గంటలు తెలుగు పాడిన నోటికి మూడు మాటల తెలుగు ప్రశ్న రాకపోవటానికి కారణమేమి? పరభాష నేర్చుకొనేవారికి పాట ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ చాలదో ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ముందుగా పాట చేసే మేలు చూద్దాము. ఎడింబరో విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు ఈ విషయాన్ని పరీక్షించి, 2014లో ఫలితాలు ప్రచురించారు. హంగేరియన్ భాష బొత్తిగా తెలియని 60 మంది వయోజనులను మూడు జట్లు చేశారు. అందరికీ అవే హంగేరియన్ పదబంధాలు. అందరికీ 15 నిమిషాలే వ్యవధి. ఒక జట్టువారు వాటిని మామూలు మాటలుగా విని తిరిగి చెప్పారు. రెండవ జట్టువారు తాళానికి సరిపోయేటట్లు పలికారు. మూడవ జట్టువారు పాటగా పాడారు. తరువాత ఆ మాటలను హంగేరియన్‌లో తిరిగి చెప్పమన్నప్పుడు పాడినవారే మిన్నగా చెప్పారు. తాళం ఒక్కటే ఇంత మేలు చేయలేదన్నది గమనించవలసిన సంగతి. వరుసలో ఒక స్వరం తరువాత వచ్చే స్వరం, దానిమీద కూర్చున్న అక్షరాన్ని కూడ లాక్కొని వస్తుందని ఊహించవచ్చును. ఎక్కాలను రాగం తీసి వల్లించిన పిల్లలకు ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పక ముందే తెలుసు.

తెలుగువారికి పాటవల్ల కలిగే ప్రత్యేక లాభం మరొకటి ఉన్నది. తెలుగు మాటలు చాలవరకు అజంతాలు, అనగా అచ్చుతో ముగిసేవి. పరభాష నుంచి వచ్చిన మాటకు చివర అచ్చు లేకపోతే మన నాలుక ఒకటి తగిలిస్తుంది. బస్సు, కారు, రైలు ఆ విధంగా వచ్చినవే. జర్మన్ నేర్చుకొనే తెలుగు విద్యార్థి కూడ ‘రాత్రి’ అనే అర్థంగల ‘నాఖ్ట్’ అన్న మాటను ‘నాఖ్టు’ అంటాడు. మాట్లాడేటప్పుడు ఆ ఉకారం అతని చెవికి తోచదు. అదే మాట జర్మన్ పాటలో వస్తే ఒక అక్షరానికి ఒకే స్వరం ఉంటుంది. అదనపు ఉకారానికి చోటుండదు. బలవంతాన పెడితే తాళం తప్పుతుంది. ఉపాధ్యాయుడు పదిసార్లు దిద్దినా లొంగని దోషాన్ని పాట ఒక్కసారికే బయటపెడుతుంది.

అయితే పాటను గుడ్డిగా నమ్మరాదు. వరుస అవసరాన్నిబట్టి హ్రస్వం సాగవచ్చును. జపాన్ భాషలో ‘ఒబసాన్’ అంటే అత్త లేక పిన్ని, ‘ఒబాసాన్’ అంటే అవ్వ. తేడా ఒక్క దీర్ఘమే. హ్రస్వదీర్ఘాల భేదం పుట్టుకతో అలవడిన తెలుగు చెవికి ఇది కష్టం కాదు గాని, పాటలో విన్న నిడివినే నమ్ముకుంటే ఒక తరం తేడా వచ్చే ప్రమాదం ఉన్నది! చీనా వారి మాండరిన్ భాషలో చిక్కు ఇంకా ఎక్కువ. ‘మా’ అన్న ఒక్క అక్షరమే పలికే స్థాయిలోని ఎగుడుదిగుడులనుబట్టి అమ్మ, జనుము, గుర్రం, తిట్టు అని నాలుగు అర్థాలనిస్తుంది. పాట కట్టినప్పుడు ఈ స్వరభేదాలు చాలవరకు వరుసలో కలిసిపోతాయి. మాండరిన్ వారు సందర్భాన్నిబట్టి అర్థం చేసుకుంటారు. కాబట్టి మాండరిన్ స్వరాలను పాటలనుంచి నేర్చుకోబూనటం పొరపాటు. కాని సంగీతం నేర్చిన చెవి వేరు విధంగా ఉపయోగపడుతుంది. మాండరిన్ రాని సంగీతజ్ఞులకు ఆ అక్షరాలను వినిపించి చూడగా, సంగీతం రానివారి కంటె వారి మెదడు మూలంలోని నాడులు స్థాయిలోని మార్పులను నిశితంగా అనుసరించాయని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంవారు 2007లో ప్రకటించారు.

ఇంతవరకు చెప్పినది ధ్వనిని గురించి, జ్ఞాపకాన్ని గురించి. అర్థం చేసుకొని బదులు చెప్పటం మరొక విద్య. దీనికి మనిషి కావాలి. 2003లో వెలువడిన ఒక పరిశోధన ఈ సంగతిని చక్కగా చూపింది. పెట్రీషియా కూల్, ఆమె సహచరులు అమెరికాలోని తొమ్మిది నెలల పసిపిల్లలకు మాండరిన్ వినిపించారు. కొందరితో మాండరిన్ మాట్లాడే స్త్రీపురుషులు ఎదుట కూర్చుని ఆడించారు, పుస్తకాలు చదివారు. ఇటువంటి పూటలు 12. ఇంతమాత్రానికే ఆ పిల్లలు ఇంగ్లీషులో లేని మాండరిన్ ధ్వనులను వేరుపరచగలిగారు. అవే మాటలను తెరమీద చూపినప్పుడు గాని, యంత్రంద్వారా వినిపించినప్పుడు గాని పిల్లలకు ఏమీ అబ్బలేదు. పెద్దవారి సంగతి కొంత వేరు. వారు పుస్తకంనుంచీ నేర్వగలరు. కాని ఎదుటి మనిషి చూపు, చేయి చూపించిన వస్తువు, జవాబుకోసం ఆగిన క్షణం వారికి మాత్రం అక్కరలేదని ఎవరూ అనరు.

మన దేశానికి వచ్చిన సి. పి. బ్రౌన్‌కు ఈ రెండూ దొరికాయి. మద్రాసులో పండితులవద్ద తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపలో ఉద్యోగానికి వెళ్ళాడు. అక్కడ జనంతో నిత్యం మాట్లాడవలసిన పని. తరువాత వేమన పద్యాలు పట్టుకొని, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. వేమన ఎన్నుకొన్న ఆటవెలది గురులఘువుల లెక్కను నోటికి నేర్పుతుంది; అందులోని ఉప్పు, కుక్క, చెప్పు, పుట్ట వంటి మాటలు సంతలోనూ వినబడేవే. పద్యంలో కంఠస్థమైన మాట వీధిలో ఎదురైతే ఇక మరపు ఉండదు. ఆయన నిఘంటువు 1852లో వెలువడింది.

కాబట్టి ఆ దేశానికి పోతే చాలు, భాష దానంతట అదే వస్తుందని చాలమంది నమ్ముతారు. ఇది సగమే నిజం. ఫ్రెంచి నేర్చుకొనే అమెరికన్ విద్యార్థులను పరిశీలించిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. కొందరు స్వదేశంలోనే మామూలు తరగతులకు వెళ్ళారు. కొందరు ఫ్రాన్సుకు వెళ్ళారు. మరికొందరు స్వదేశంలోనే, ఫ్రెంచి తప్ప వేరు భాష మాట్లాడరాదన్న కట్టుబాటుగల వేసవి శిబిరంలో చేరారు. ధారాళంగా మాట్లాడటంలో అందరికంటె ముందుకు సాగినవారు శిబిరంలోనివారు. ఫ్రాన్సుకు వెళ్ళినవారు తరగతి వెలుపల ఫ్రెంచి కంటె ఇంగ్లీషే ఎక్కువ వాడినట్లు తామే చెప్పారు. నేడు జర్మనీకి చదువుకు పోయి, నలుగురు తెలుగువారితో ఒకే ఇంట్లో ఉంటూ, తరగతిలో ఇంగ్లీషు, వంటింట్లో తెలుగు మాట్లాడే విద్యార్థి పరిస్థితీ ఇదే. వేల మైళ్ళు వెళ్ళినా అతని చెవిని చేరే జర్మన్ అంగడిలో వినబడిన పది మాటలే.

జర్మనీలోని ఊళ్ళలో వృత్తిగాయకులు కానివారి బృందగాన సమాజాలు చాల ఉన్నాయి. వారానికొకసారి సాయంకాలం అంగడివాడు, ఉపాధ్యాయురాలు, ఉద్యోగం మానిన వృద్ధుడు చేరి పాడుకుంటారు. పెక్కింటిలో కొత్తవారికి పెద్ద సంగీతజ్ఞానం అక్కరలేదు. సాధనలో బృందనాయకుడు పట్టుబట్టే సంగతులలో మాట చివరి హల్లు ఒకటి. అందరూ ‘ట్’ను ఒకే క్షణాన ముగించాలి, ఒక్కరు వెనుకబడినా వినిపిస్తుంది. తెలుగు విద్యార్థి ఉకారం అక్కడ దాగదు. విరామ సమయంలో పక్కనున్న వృద్ధుడు, నీవు ఏ దేశంవాడవని అడుగుతాడు. దానికి జవాబు పాటలో ఉండదు. విద్యార్థి తానే కూర్చుకోవాలి.