కొరతను బట్టి కెప్టెన్

2015 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో రగ్బీ ప్రపంచ కప్ జరుగుతుండగా, వారం తేడాతో ఇద్దరు కెప్టెన్లకు ఒకే చిక్కు వచ్చిపడింది. 19వ తేదీన బ్రైటన్‌లో జపాన్, దక్షిణాఫ్రికా ఆడుతున్నాయి. ఆట ముగింపుకొచ్చేసరికి జపాన్ 29-32తో మూడు పాయింట్లు వెనకబడి ఉంది. సరిగ్గా అప్పుడే ప్రత్యర్థి గీతకు దగ్గరలో దానికి పెనాల్టీ దొరికింది. బంతిని పోస్టుల మధ్య నుంచి తన్నితే మూడు పాయింట్లు, మ్యాచ్ డ్రా. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన జట్టుతో డ్రా అంటే జపాన్‌కు అదే పెద్ద పండగ. కోచ్ ఎడ్డీ జోన్స్ పైన కూర్చుని గోల్‌కే కొట్టమని అరుస్తున్నాడు. కింద కెప్టెన్ మైకేల్ లీచ్ మాత్రం ఎనిమిదేసి మంది భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్ కావాలని రెఫరీకి చెప్పాడు. మరికొద్ది సేపటికి కార్న్ హెస్కెత్ మూలన గీత దాటి బంతిని నేలకు ఆనించాడు. జపాన్ 34-32తో గెలిచింది. మళ్లీ శనివారం, 26న, ట్వికెన్‌హామ్‌లో వేల్స్‌తో ఆడుతున్న ఇంగ్లండ్ 25-28తో వెనకబడి ఉంది. ఆఖరి నిమిషాల్లో టచ్‌లైన్ పక్కన పెనాల్టీ దొరికింది. కోణం కష్టమే, కానీ కొట్టడానికి ఓవెన్ ఫారెల్ ఉన్నాడు. కెప్టెన్ క్రిస్ రాబ్‌షా డ్రా వద్దనుకుని బంతిని మూలకు పంపించి, బయటికి పోయిన బంతిని మళ్లీ లోపలికి విసిరే లైనౌట్ తీసుకున్నాడు. వేల్స్ ఆటగాళ్ళు ఇంగ్లండ్ గుంపును అమాంతం గీత బయటికి నెట్టేశారు. తర్వాతి వారం ఆస్ట్రేలియా చేతిలోనూ ఓడి, ఆతిథ్య జట్టు గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది.

ఇద్దరూ చేసింది ఒకటే: చేతికందిన మూడు పాయింట్లు వదిలి గెలుపు కోసం తెగించారు. లీచ్‌ను జపాన్ నెత్తిన పెట్టుకుంది. రాబ్‌షాను ఇంగ్లండ్ పత్రికలు వారాల తరబడి ఉతికేశాయి. ఫలితం చూశాక కెప్టెన్‌కు మార్కులు వేయడం అందరికీ చేతనవుతుంది. ఫలితం రాకముందే ఫలానావాడు కెప్టెన్ అని చెప్పాల్సిన కోచ్‌కు ఆ వెసులుబాటు లేదు. మరి అతను దేన్ని చూసి ఎంచుకోవాలి? ధైర్యం, నిబ్బరం, మాటకారితనం, జట్టులోకెల్లా గొప్ప ఆట అంటూ ఒక జాబితా ఎప్పుడూ వినబడుతుంది. ఆ జాబితాతో పని జరగదనే నా వాదన. కెప్టెన్‌ను ఎంచుకోవాల్సింది జట్టులో అప్పటికి ఏది తక్కువగా ఉందో దాన్ని బట్టి. మిగతా పనులు మోసేవాళ్ళు అతని చుట్టూ ఉన్నారా లేదా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

ఇది అర్థం కావాలంటే ముందు క్రికెట్‌ను కాసేపు పక్కన పెట్టాలి. మనకు కెప్టెన్ అనగానే ఫీల్డర్లను అటూ ఇటూ జరుపుతూ, బౌలర్లను మారుస్తూ, బంతి బంతికీ ఆలోచించేవాడు కళ్ళముందు మెదులుతాడు. రగ్బీలో అంత తీరిక ఉండదు. 80 నిమిషాల ఆట, పదిహేనేసి మంది, బంతి కదులుతూనే ఉంటుంది. వ్యూహం వారమంతా కోచ్ గదిలోనే తయారవుతుంది. మైదానంలో పనులు కూడా పంచిపెట్టి ఉంటాయి. స్క్రమ్‌లో ముందు వరుసవాళ్ళదే మాట. లైనౌట్‌లో బంతి ఎవరికి వెయ్యాలో చెప్పేది సాధారణంగా పొడుగాటి లాక్ ఆటగాళ్ళలో ఒకడు. వెనక వరుసల దాడిని నడిపేది పదో నంబరువాడు. ఇక కెప్టెన్‌కే ప్రత్యేకించిన పనులు చూస్తే రెండే పెద్దవి: పెనాల్టీ వచ్చినప్పుడు ఏం చేయాలో తేల్చడం, జట్టు తరఫున రెఫరీతో మాట్లాడటం. రగ్బీలో రెఫరీని అందరూ చుట్టుముట్టకూడదు, కెప్టెన్ ఒక్కడే వెళ్ళాలి. ఈ మర్యాద చూసి ఫుట్‌బాల్‌కూ మనసైనట్టుంది, 2024 యూరో కప్‌లో ఇలాంటి నిబంధనే పెట్టారు. ఇంకో మెలిక కూడా ఉంది. బెంచీ మీద ఎనిమిది మంది కాచుకుని ఉంటారు కాబట్టి, కెప్టెన్ కూడా ఆట సగంలో బయటికి రావచ్చు. (2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌ను చూసినవాళ్ళు ఈ లెక్కలు వేరుగా ఉన్నాయే అనుకోవచ్చు. అది ఏడేసి మంది ఆడే పొట్టి రగ్బీ.)

పనులు ఇలా పంచుకున్న జట్టులో అందరికంటే గొప్ప నాయకుడు ఎవరని వెతకడం దండగ. బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ళను కలిపి కట్టే బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ 1997లో దక్షిణాఫ్రికా వెళ్ళినప్పుడు ఆ జట్టుకు మార్టిన్ జాన్సన్‌ను కెప్టెన్‌గా పెట్టారు. అప్పటికి అతను ఇంగ్లండ్‌కు కూడా పూర్తిస్థాయి కెప్టెన్ కాదు. నాలుగు దేశాల జట్లకు సారథ్యం వహించినవాళ్ళు ఆ బృందంలో ఉండగా అతనికి ఇచ్చారు. కోచ్ ఇయాన్ మెక్‌గీకన్ చెప్పిన కారణం వింటే నవ్వొస్తుంది: టాస్ కోసం స్ప్రింగ్‌బాక్స్ (దక్షిణాఫ్రికా జట్టు) డ్రెస్సింగ్ రూమ్ తలుపు తట్టినవాణ్ణి చూడటానికి లోపలివాళ్ళు తలెత్తాలి. తమ శరీర బలంతో ఎదుటివాళ్ళను బెదరగొట్టడం అలవాటైన ఆతిథ్య జట్టు ముందు లయన్స్‌కు ఏది తక్కువవుతుందో అతను ముందే లెక్కగట్టాడు. వ్యూహాలు చెప్పడానికి వేరేవాళ్ళు ఉన్నారు. ఆ సిరీస్‌ను లయన్స్ 2-1తో గెలిచింది.

ఇరవై ఏళ్ళ తర్వాత అదే లయన్స్‌కు కావాల్సింది ఇంకొకటి. 2017లో న్యూజిలాండ్ పర్యటనకు కెప్టెన్ శామ్ వార్‌బర్టన్. మొదటి టెస్టులో అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి పీటర్ ఓమహొనీ చేత కెప్టెన్సీ చేయించారు. ఆ మ్యాచ్ ఓడాక వార్‌బర్టన్ తిరిగొచ్చాడు. జులై 8న ఆక్లండ్‌లోని ఈడెన్ పార్క్‌లో మూడో టెస్టు. సిరీస్ 1-1. స్కోరు 15-15. రెండు నిమిషాలే మిగిలి ఉండగా లయన్స్ హుకర్ కెన్ ఓవెన్స్ ఆఫ్‌సైడ్‌లో బంతిని ముట్టుకున్నాడని రెఫరీ రొమెయిన్ ప్వాత్ న్యూజిలాండ్‌కు పెనాల్టీ ఇచ్చాడు. అది గోల్ అయితే సిరీస్ పోయినట్టే. వార్‌బర్టన్ అరవలేదు, చేతులు ఊపలేదు. రెఫరీ దగ్గరికి వెళ్ళి, బంతి కోసం గాలిలోకి లేచిన తమవాణ్ణి ప్రత్యర్థి సరిగ్గానే ఎదుర్కొన్నాడా, రీప్లే చూస్తారా అని అడిగాడు. చూశారు. అందులో తప్పేమీ తేలలేదు గానీ, ఆ చర్చ సాగుతుండగానే ప్వాత్ మనసు మార్చుకున్నాడు. ఆఫ్‌సైడ్ కావాలని చేసింది కాదంటూ పెనాల్టీని తీసేసి స్క్రమ్ ఇచ్చాడు. మ్యాచ్ డ్రా, సిరీస్ డ్రా. ఆ తీర్పు సరైందేనా అని అడిగితే న్యూజిలాండ్‌లో జవాబు ఏమొస్తుందో చెప్పనక్కర్లేదు. మనకు కావాల్సింది అది కాదు. రెఫరీకి చిరాకు తెప్పించకుండా అతని చేత రెండో ఆలోచన చేయించగలిగినవాడు ఆ నిమిషంలో మైదానంలో ఉండటమే ఆ ఎంపిక విలువ.

ఈ వాదనకు పెద్ద పరీక్ష సియా కొలిసి. 2017లో దక్షిణాఫ్రికా అధోగతిలో ఉంది. సెప్టెంబరులో ఆల్బనీలో న్యూజిలాండ్ చేతిలో 57-0, నవంబరులో డబ్లిన్‌లో ఐర్లండ్ చేతిలో 38-3. కెప్టెన్ వారెన్ వైట్లీ గాయపడ్డాడు, అతని స్థానంలో వచ్చిన ఎబెన్ ఎట్జెబెత్‌కూ గాయమే. 2018లో కోచ్‌గా వచ్చిన రాస్సీ ఎరాస్మస్ మే నెలాఖరులో కొలిసి పేరు ప్రకటించాడు. అప్పట్లో పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచే నగరం పక్కన ఉండే జ్వీడే అనే నల్లజాతివారి బస్తీలో పుట్టి, 12వ ఏట స్కాలర్‌షిప్పు మీద గ్రే జూనియర్ స్కూల్‌లో చేరిన ఫ్లాంకర్ అతను. 1995లో మండేలా వేసుకున్న ఆరో నంబరు జెర్సీనే వేసుకుంటాడు. టెస్టుల్లో స్ప్రింగ్‌బాక్స్‌కు మొదటి నల్లజాతి కెప్టెన్. ఇదంతా రాజకీయమని, కోటా అని అప్పుడే సణుగుడు మొదలైంది. జట్టు ఎంపికలో నల్లజాతివారి వాటాకు లక్ష్యాలు నిర్ణయించిన దేశం కాబట్టి ఆ అనుమానాన్ని గాలిమాటగా కొట్టిపారేయలేం.

దీనికి జవాబు కొలిసి గొప్పతనంలో వెతికితే సగమే దొరుకుతుంది. ఆ రోజుల్లోనే ఎరాస్మస్ చేసిన ఇంకో పని చూడాలి. విదేశీ క్లబ్బుల్లో ఆడేవాళ్ళ మీద ఉన్న పరిమితిని సడలించి డ్వేన్ వెర్మ్యూలెన్, ఫాఫ్ డిక్లెర్క్, విల్లీ లెరూలను వెనక్కి పిలిచాడు. పదో నంబరులో హాండ్రే పొలార్డ్ ఉన్నాడు. ఆట నడక, ఫార్వర్డ్ల మొరటు పని, వెనక కాపలా అన్నిటికీ తలపండినవాళ్ళు కుదిరారు. నాకు అర్థమైనంతలో, అప్పుడు ఆ జట్టుకు తక్కువైంది అందరూ తమవాడు అనుకోగలిగిన ఒక మనిషి. అవమానాలతో చితికిన డ్రెస్సింగ్ రూమ్‌లో అటు ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్ళతో, ఇటు ఖోసా మాట్లాడేవాళ్ళతో సమానంగా చనువున్నవాడు కావాలి. 2017లో స్టార్మర్స్ జట్టుకు కెప్టెన్సీ చేసిన కొలిసిలో అది ఉంది. 2018 జూన్ 9న ఎల్లిస్ పార్క్‌లో ఇంగ్లండ్‌పై మొదటి టెస్టులో మొదట్లోనే 3-24తో మునిగిన జట్టు 42-39తో గెలిచి బయటపడింది, సిరీస్ కూడా 2-1తో గెలిచింది. అయినా కథ అక్కడితో చక్కగా సర్దుకోలేదు. మొదటి నల్లజాతి కెప్టెన్ అన్న మాట చుట్టూ ఎంత ఉద్వేగం పోగవుతుందో తాను అమాయకంగా తక్కువ అంచనా వేశానని, ఆ బరువుకు కొలిసి ఆట కొంతకాలం దెబ్బతిన్నదని ఎరాస్మసే తర్వాత ఒప్పుకున్నాడు. రాజకీయ లెక్కతోనే పెట్టి ఉంటే ముందుగా తూకం వేసేది సరిగ్గా ఆ ఉద్వేగాన్నే కదా! 2019లో కొలిసి మోకాలి గాయంతో దూరమైతే వేరేవాళ్ళు కెప్టెన్సీ చేశారు, జట్టు చెదరలేదు. అతను తిరిగొచ్చి నవంబరు 2న యోకోహామాలో 32-12తో ఇంగ్లండ్‌ను ఓడించి ప్రపంచ కప్పు ఎత్తాడు. 2023 ఫైనల్లో 12-11తో న్యూజిలాండ్‌ను ఓడించినప్పుడైతే రెండో అర్ధభాగంలో అతను పసుపు కార్డుతో పది నిమిషాలు బయట కూర్చున్నాడు. కెప్టెన్ లేని పది నిమిషాలను దాటగలిగేలా కట్టిన జట్టు అది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. మరి న్యూజిలాండ్‌ను నడిపిన రిచీ మెకా సంగతి? 148 టెస్టులు, అందులో 110 కెప్టెన్‌గా, వరసగా రెండు ప్రపంచ కప్పులు. ఒక మహా నాయకుడు దొరికితే కొరతలూ పంపకాలూ అనే లెక్కలు ఎందుకు? అయితే ఇదే మెకా 2007లో కార్డిఫ్‌లో క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ చేతిలో 18-20తో ఓడాడు. చివర్లో డ్రాప్ గోల్‌కు సమయానికి ఏర్పాటు చేసుకోలేదని, తడబడ్డాడని తిట్టారు. అప్పటికి పదో నంబరు ఆటగాళ్ళు డాన్ కార్టర్, నిక్ ఎవాన్స్ ఇద్దరూ గాయాలతో మైదానం వదిలేశారు. ఆలోచన చెప్పాల్సిన మనిషి పక్కన లేనప్పుడు అదే మెకా మామూలు కెప్టెన్‌లాగే కనబడ్డాడు. న్యూజిలాండ్ అతన్ని మార్చలేదు. ఒత్తిడిలో నిర్ణయాలు పంచుకునేలా సీనియర్ల బృందాన్ని బలపరిచింది. 2011 ఫైనల్ నాటికి పదో నంబరువాళ్ళు మళ్లీ ఒకరి తర్వాత ఒకరు గాయపడి, నాలుగో వరసలోని స్టీఫెన్ డొనాల్డ్ వచ్చి కిక్ కొట్టాల్సి వచ్చింది. అయినా 8-7తో గట్టెక్కారు.

నా వాదన తడబడేది డిలన్ హార్ట్‌లీ దగ్గర. బ్రైటన్‌లో పైనుంచి అరిచిన ఎడ్డీ జోన్సే 2015 చివర్లో ఇంగ్లండ్ కోచ్ అయ్యాడు. వచ్చీ రాగానే మర్యాదస్తుడు రాబ్‌షాను తప్పించి హార్ట్‌లీని కెప్టెన్ చేశాడు. మైదానంలో చేసిన ఆగడాలకు పడ్డ నిషేధాలు కలిపితే ఏడాది దాటే మనిషి! సొంతగడ్డ మీద పరువు పోగొట్టుకున్న జట్టుకు కాస్త పొగరు కావాలన్నది జోన్స్ లెక్క. కొరతను బట్టి ఎంపిక అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు, ఇంతకంటే ప్రమాదకరమైనదీ ఉండదు. ఎందుకంటే ఈ పేరు చెప్పి ఎవరినైనా సమర్థించవచ్చు. 2016లో ఇంగ్లండ్ 2003 తర్వాత మొదటిసారి సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలిచి గ్రాండ్ స్లామ్ కొట్టింది. ఆ గెలుపుతో ఎంపిక సరైందని రుజువైందంటే, నేను మొదట్లో తప్పుపట్టిన పనే నేనూ చేసినట్టవుతుంది. నాకు కనబడే ఆధారం వేరే. కెప్టెన్సీ పోయిన రాబ్‌షా జట్టులోంచి పోలేదు. పక్కకు జరిగి ఆరో నంబరులో, తనకు బాగా నప్పే చోట ఆడాడు. జోన్స్ హార్ట్‌లీని చేర్చినప్పుడు రాబ్‌షాలో ఉన్న మంచిని పారేసుకోలేదు.

ఆ జోన్సే 2021లో వచ్చిన తన పుస్తకంలో ఇంగ్లండ్ ఆటగాడు మారో ఇటోజే కెప్టెన్ అవుతాడా అని సందేహం వెలిబుచ్చాడు. అతను మరీ తనలో తానుండే మనిషని రాశాడు. 2025 జనవరిలో కోచ్ స్టీవ్ బోర్త్‌విక్ అదే ఇటోజేకు ఇంగ్లండ్ పగ్గాలిచ్చాడు. ఆ ఏడే లయన్స్ కోచ్ ఆండీ ఫారెల్ ఆ జట్టు కెప్టెన్సీ కూడా ఇచ్చాడు, ఆస్ట్రేలియాలో సిరీస్ 2-1తో గెలిచారు. జోన్స్ తప్పు చదివాడని తేల్చెయ్యడం తేలిక. కానీ 2021లో ఇంగ్లండ్‌కు గొంతెత్తి జట్టును నడిపించే ఓవెన్ ఫారెల్ ఉన్నాడు. 2025 నాటికి అతను ఇంగ్లండ్ జట్టులో లేడు. అప్పటిదాకా కెప్టెన్‌గా ఉన్న జేమీ జార్జ్ హుకర్. ఆ స్థానంలో ఆడేవాణ్ణి రెండో అర్ధభాగంలో మార్చడం మామూలు. లాక్‌గా ఆడే ఇటోజే మాత్రం చాలా మ్యాచ్‌ల్లో 80వ నిమిషం దాకా మైదానంలోనే ఉంటాడు. రాబ్‌షాకూ లీచ్‌కూ ఆ పెనాల్టీలు వచ్చింది ఏ నిమిషాల్లోనో బోర్త్‌విక్‌కు ఒకరు గుర్తుచేయనక్కర్లేదు. 2015లో జోన్స్ దగ్గర పనిచేసిన జపాన్ సహాయ కోచ్ అతనే.