సూది లేకుండా కోగిన్: కుట్టులా కనిపించే నేత

మధిర నుంచి మాట్లాడుతున్నాను. ఈ నీలం గుడ్డ మీద తెల్ల డైమండ్లు చూడండి, సూదితో కుట్టినట్టే ఉన్నాయి కదా? సూది వాడలేదు. మొత్తం నేతే.

డిజైన్ మాత్రం జపాన్‌ది. ఉత్తర జపాన్‌లో త్సుగరు అని ఒక ప్రాంతం, మంచు బాగా పడుతుంది. ఎడో కాలంలో అక్కడి రైతులు నూలు బట్టలు కట్టుకోకూడదని ఆంక్షలుండేవి. నార బట్టే గతి. అది పలచన, చలి ఆగదు. అందుకని ఆడవాళ్లు ఆ నేత సందుల్లో దారం నింపుతూ కుట్టేవారు. అదే కోగిన్. చుట్టూ పత్తి చేలు చూసి పెరిగిన నాకు, రైతుకి నూలు నిషేధం అంటే నమ్మబుద్ధి కాలేదు.

సరే, కుట్టు నేతలోకి ఎలా వస్తుంది? కోగిన్ కుట్టు అడ్డంగానే నడుస్తుంది, అంటే పేక వెళ్లే దారిలోనే. కాబట్టి సూది చేసే పనిని రెండో పేక చేసేస్తుంది. మన ఉప్పాడ జామ్దానీలోనూ సూత్రం ఇదే. నేస్తూనే అదనపు పోగును చేత్తో చొప్పిస్తారు. కాకపోతే అక్కడ ఒక్కో బుటాకి విడిగా దారం, ఇక్కడ ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒకటే దారం.

పెద్ద మగ్గం అక్కర్లేదు. చెక్క ఫ్రేముకి మేకులు కొట్టి 33 నీలం పోగులు పడుగు కట్టండి. కాస్త మామూలుగా నేశాక లావు తెల్ల దారం తీసుకోండి. మొదటి వరుసలో అంచున 4 పోగుల కిందుగా, తర్వాత 1 పోగు మీదుగా, 7 పోగుల కిందుగా, మళ్లీ 1 మీదుగా... ఇలా చివరిదాకా. తర్వాతి వరుసల్లో మీద 3, కింద 5. మీద 5, కింద 3. మీద 7, కింద 1. రెండూ కలిపితే ఎప్పుడూ 8. అంచుల్లో మాత్రం కింద 4, 3, 2, 1. అక్కణ్ణుంచి వెనక్కి 5, 3, 1. ఏడు వరుసలకి డైమండ్ పూర్తి. కోగిన్‌లో లెక్క ఎప్పుడూ బేసి సంఖ్యే, అందుకే మధ్య పోగు దొరుకుతుంది.

ప్రతి తెల్ల వరుస తర్వాత సన్నటి నీలం పేక రెండుసార్లు వేయాలి. బట్టని పట్టి ఉంచేది అదే. అది లేకపోతే తెల్ల దారాలు జారిపోతాయి. 7 కంటే పొడవుగా వదిలితే ఉంగరాలకీ గాజులకీ తగులుకుంటాయి.

కుట్టులో ఒక కుట్టు తప్పితే అదొక్కటే విప్పొచ్చు. నేతలో కింది వరుస సరిచేయాలంటే పైవన్నీ విప్పాలి. కాబట్టి దారం బిగించేముందే లెక్క చూసుకోండి.

ఇలాంటివి అమ్మాలనుకునేవాళ్లకి ఒక మాట. దీన్ని కోగిన్ కుట్టు అని రాయొద్దు, కోగిన్ డిజైన్ నేత అని రాయండి. సూదితో చేసినవాళ్ల శ్రమ వేరు. కొనేవాళ్లు గుడ్డని తిప్పి చూడండి. ముందు తెలుపున్నచోట వెనక నీలం, నీలమున్నచోట తెలుపు కనిపించాలి. వెనక వెలిసినట్టుగా అదే బొమ్మ ఉంటే అది ప్రింటు.