కొండ కొమ్మున వాన కావలి

చేనుకు కావలి కాసినవాళ్లకు రాత్రి ఎంత పొడుగో తెలుసు. మంచె మీద ఒక్క కునుకు తీస్తే చాలు, పందులు పడి చేనంతా పాడు చేసి పోతాయి. అమెరికాలో ఒక కొండ మీద ఇలాంటి కావలే తొంభై ఏళ్లకు పైగా నడుస్తోంది. అక్కడ కాసేది పంటను కాదు. గాలిని, వానను, మబ్బును. ఎక్కడో ఉన్న కొండ సంగతి మనకెందుకు అనుకోకండి. వాళ్లు చేసే పనిలో మన చేనుకు పనికొచ్చేది ఒకటుంది. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఎత్తు తక్కువ, గాలి ఎక్కువ

ఆ కొండ పేరు మౌంట్ వాషింగ్టన్. అమెరికా ఈశాన్య మూలన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఉంది. ఎత్తు 1,917 మీటర్లు, అంటే 6,288 అడుగులు. హిమాలయాలతో పోలిస్తే గుట్టే. కానీ తుపానులు నడిచే దారులు కలిసేచోట ఉండడంతో గాలి అక్కడ విపరీతం. అందుకే 1932లో అక్కడ వాతావరణ పరిశీలన కేంద్రం పెట్టారు. ఇది సర్కారు ఆఫీసు కాదు. లాభాపేక్ష లేని సంస్థ. సభ్యుల చందాలు, విరాళాలు దానికి పెద్ద ఆసరా.

వేసవి అంటే అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా. జులైలో కూడా సగటు వేడి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. అన్నేళ్ల లెక్కల్లో ఎక్కువలో ఎక్కువ నమోదైంది 22 డిగ్రీలు. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు చూసే మనకు ఇది నవ్వులాటగా ఉంటుంది. ఏడాది మొత్తంలో సగానికి పైగా కాలం కొండ కొమ్ము మబ్బులోనే మునిగి ఉంటుంది. నడి వేసవిలో మంచు పడినా అక్కడివాళ్లు ఆశ్చర్యపోరు.

గంట గంటకూ లెక్క

రాత్రి, పగలు తేడా లేదు. ప్రతి గంటకూ ఒక మనిషి లేచి బయటికి వెళ్లాలి. చేతిలో ఒక చట్రం, దానికి రెండు థర్మామీటర్లు. ఒకదాని కొసకు తడి గుడ్డ చుట్టి ఉంటుంది, రెండోది పొడిగా ఉంటుంది. జొన్న చేలో పిట్టలు తోలే వడిసెల తిప్పినట్లు దాన్ని గాలిలో గిరగిరా తిప్పుతారు. తిప్పి, వెంటనే రెండు అంకెలూ చూస్తారు.

ఇందులో కిటుకు మనకు తెలిసిందే. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడతాయి, ముసురు పట్టినప్పుడు చల్లబడవు. గాలి పొడిగా ఉంటే తడి త్వరగా ఆరి చల్లదనం వస్తుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే తడి ఆరదు. కాబట్టి రెండు థర్మామీటర్ల మధ్య తేడా ఎక్కువుంటే గాలి పొడి, తేడా లేకపోతే గాలి నిండా తేమ. ఆకుల మీద తడి ఆరకుండా ఉంటే వరిలో అగ్గితెగులు, వేరుశనగలో తిక్క మచ్చ ఎలా ఎగబడతాయో మీకు చెప్పనక్కర్లేదు.

తర్వాత ఆకాశం చూస్తారు. మబ్బు ఏ రకం, ఎంత మేర కమ్మింది, చూపు ఎంత దూరం ఆనుతోంది అని రాసుకుంటారు. దూరం కొలవడానికి చుట్టూ ఉన్న కొండలే గుర్తులు. బాగా తెరిపిచ్చిన రోజున 130 మైళ్ల అవతలి శిఖరం కూడా కనిపిస్తుంది. ఆరు గంటలకోసారి వాన డబ్బా తెచ్చి, లోపల పడిన నీటిని కొలుస్తారు. గాలికి వాన అడ్డంగా కొట్టుకుపోతే డబ్బాలో తక్కువ పడుతుంది. అందుకని డబ్బా చుట్టూ గాలికి అడ్డు కడతారు.

వారం వంతు

కాలువ నీళ్లకు మనం వంతులు వేసుకున్నట్లే వాళ్లూ వేసుకుంటారు. ఒక జట్టు వారం పాటు కొండ మీదే ఉంటుంది. బుధవారం రెండో జట్టు వచ్చి పని అందుకుంటుంది. చలికాలంలో మంచు మీద నడిచే పెద్ద బండి ఎక్కి రావాలి. వేసవిలో వ్యానులో ఘాటు రోడ్డు మీద పైకి వచ్చేస్తారు. పన్నెండు గంటలు ఒకరు, పన్నెండు గంటలు ఇంకొకరు. రాత్రి డ్యూటీ మనిషి పగలు పడుకుంటాడు. వండిపెట్టేందుకు కింది ఊళ్ల నుంచి స్వచ్ఛందంగా వచ్చి వారం ఉండిపోయేవాళ్లు ఉంటారు. ఎలుకలు పట్టడానికో, తోడుకో గానీ కేంద్రంలో ఒక పిల్లి కూడా ఎప్పుడూ ఉంటుంది.

చలికాలంలో పరికరాల మీద గడ్డకట్టే మంచును గునపంతో కొట్టి రాల్చడమే పెద్ద పని. వేసవిలో ఆ బాధ తగ్గుతుంది. కానీ జనం పెరుగుతారు. కార్లలో, 1869లో మొదలైన పళ్ల చక్రాల రైలులో, కాలినడకన రోజూ వందల మంది ఎక్కి వస్తారు. కింద ఎండగా ఉందని పల్చటి చొక్కాతో బయల్దేరి, పైన చలిగాలిలో చిక్కుకునేవాళ్లున్నారు. ఆ కొండ మీద ఇప్పటిదాకా 150 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే కేంద్రం వాళ్లు రోజూ శిఖరాల వాతావరణం ఎలా ఉండబోతుందో ముందుగా రాసి చెబుతారు. ఆ నాలుగు వాక్యాలు చదివి వెనక్కి తిరిగితే మనిషి ఇంటికి చేరతాడు.

మంచు రాల్చకపోతే లెక్కే లేదు

1934 ఏప్రిల్ 12. ఆ రోజు గాలి అదుపు తప్పింది. గాలి కొలిచే పరికరానికి మంచు పట్టి సరిగా తిరగడం లేదని తెల్లవారుజామునే కనిపెట్టారు. వెండెల్ స్టీఫెన్‌సన్ అనే పరిశీలకుడు కర్ర పట్టుకుని ఆ గాలిలోనే పైకెక్కి మంచు కొట్టి రాల్చాడు. అదే రోజు మధ్యాహ్నం గాలి వేగం గంటకు 372 కిలోమీటర్లు చూపింది. తర్వాత పరికరాన్ని పరీక్షించి, లెక్క సరైనదేనని తేల్చారు. 1996లో ఆస్ట్రేలియాలోని బారో దీవిలో తుపాను గాలి 408 కిలోమీటర్లు నమోదయ్యేదాకా ప్రపంచ రికార్డు ఇదే. అదే 1996 నవంబరులో తుపానుకు కోనసీమ కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకు గాలి బలం ఏమిటో వేరే చెప్పాలా?

ఆ తెల్లవారుజామున ఆయన బద్ధకించి ఉంటే గాలి వీచేదే, కానీ లెక్క ఉండేది కాదు. పోయిన గంటను మళ్లీ కొలవలేం.

మరి మన సంగతి?

మన దేశంలో వాతావరణ శాఖ 1875 నుంచి ఉంది. మండలంలో వాన లెక్క ఉదయం 8.30కి తీస్తారు. నిన్న 8.30 నుంచి ఇవాళ 8.30 దాకా పడింది ఇవాళ్టి తేదీన రాస్తారు. 2.5 మిల్లీమీటర్లు గానీ, అంతకు మించి గానీ పడితేనే దాన్ని వాన పడిన రోజుగా లెక్క కడతారు. కరువు మండలం అని తేల్చేటప్పుడు చూసేవాటిలో ఈ అంకెలు ముఖ్యం.

అయితే మండల కేంద్రంలో పడిన వాన మీ ఊళ్లో పడాలని ఏముంది? ఎద్దు ఒక కొమ్ము తడిసి, రెండో కొమ్ము తడవని వానలు మనకు కొత్త కాదు. ‘మాకు చినుకు రాలలేదు సారూ’ అని మీరంటే అది నోటిమాటే. చేతిలో రాత ఉంటే మాటకు బరువు వస్తుంది. ఆ రాత సర్కారు లెక్క కాదు, దాన్ని చూపగానే పరిహారం రాదు. కానీ విత్తనం వేయాలా, ఆగాలా అని తేల్చుకోవడానికి మీకు అదే ఆధారం.

ఒక డబ్బా చాలు

పరికరం కొననక్కర్లేదు. పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బా తీసుకోండి. పాలపొడి డబ్బా సరిపోతుంది. కిందికి సన్నబడే బకెట్, గిన్నె పనికిరావు. చేలో ఆరుబయట నేలకు అడుగు ఎత్తున కదలకుండా పెట్టండి. పక్కన చెట్టుంటే దాని ఎత్తుకు రెండింతల దూరం ఉండాలి.

ఉదయం 8.30కి పిల్లల స్కేలు ముంచి చూడండి. నీళ్లు 10 మిల్లీమీటర్ల లోతుంటే వాన 10 మిల్లీమీటర్లు పడినట్లు. స్కేలు కొసన సున్నా గీతకు ముందు ఖాళీ ఉంటే, ఆ మేర కలుపుకోవాలి. మధ్యాహ్నం చూద్దాంలే అంటే ఎండకు ఆవిరై లెక్క తప్పుతుంది. రాసుకున్నాక డబ్బా బోర్లించి మళ్లీ పెట్టండి.

ఎకరానికి ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. ఒక ట్రాక్టర్ ట్యాంకరు నీళ్లన్నమాట. వర్షాధార పత్తికి తేలిక నేలల్లో 50-60, బరువు నేలల్లో 60-75 మిల్లీమీటర్లు పడ్డాకే గింజ వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మొదటి జల్లుకే తొందరపడి గింజలు మాడగొట్టుకుని, అప్పు చేసి మళ్లీ ప్యాకెట్లు కొనే బాధ ఎంతోమందికి అనుభవమే. డబ్బాలో అంకె చూసి ఆగితే ఆ ఖర్చు తప్పే వీలుంది.

ఇంకొక్క మాట. వాన పడని రోజున కూడా ‘0’ అని రాయండి. ఖాళీ వేరు, సున్నా వేరు. సున్నా అంటే చూశాను, పడలేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. కొండ మీది వాళ్లు తొంభై ఏళ్లుగా గంట గంటకూ లేస్తున్నది ఆ ఖాళీ రాకూడదనే.

ఉరుములు వినిపిస్తుంటే మాత్రం డబ్బా దగ్గరికి పోకండి. చెట్టు కింద నిలబడకండి. పిడుగుల హెచ్చరికకు ‘దామిని’, పంటకు తగిన వాతావరణ సలహాకు ‘మేఘదూత్’ ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. ఫోను వాడడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలను అడగండి.

గోడకు క్యాలెండరు ఎలాగూ ఉంది. పక్కన ఒక పెన్సిలు కట్టండి. మృగశిర వచ్చేలోగా డబ్బా చేనెక్కాలి.