నరాన్ని చూడటం నేర్చిన అల్ట్రాసౌండ్

ప్యారిస్‌లో 1880లో పియర్, జాక్ క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పాల్ లాంజెవిన్ దాన్నే తిరగేశాడు. క్వార్ట్జ్ పలకకు విద్యుత్తు ఇచ్చి, నీళ్లలోకి ధ్వని పంపి, జలాంతర్గాముల జాడ తీయబోయాడు. 1942లో వియన్నా వైద్యుడు కార్ల్ డుసిక్ ఆ ధ్వనితో మెదడును చూడబోతే పుర్రె అడ్డొచ్చింది. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం కడుపులో గడ్డల్ని చూపించాక గానీ యంత్రానికి ఆసుపత్రిలో చోటు దొరకలేదు. గర్భిణుల స్కానింగ్‌గా ఊరూరా తెలిసిన ఈ యంత్రం చేతుల్లో, కాళ్లలో నరాల దాకా రావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. వాటి బొమ్మల్ని బ్రూనో ఫోర్నాజ్ 1988లో ప్రచురించాడు. ఆలస్యమంతా ఫ్రీక్వెన్సీ దగ్గరే. కడుపు స్కాన్‌కు వాడే 3.5 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగం ఒంట్లో దాదాపు 0.44 మిల్లీమీటర్ల పొడవుంటుంది. నరంలోని సన్నటి కట్టలు దానికి అందవు. 15 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే తరంగం 0.1 మిల్లీమీటరుకు తగ్గుతుంది. కాకపోతే అంత సన్నటి ధ్వని లోతుకు దిగకుండానే ఇంకిపోతుంది. అదృష్టవశాత్తు మణికట్టులో మీడియన్ నరం చర్మానికి సెంటీమీటరు లోపే ఉంటుంది.

అక్కడ ప్రోబ్, అంటే ధ్వనిని పంపి అందుకునే పరికరం, అడ్డంగా పెడితే నరం తేనెపట్టు ముక్కలా కనిపిస్తుంది, చుట్టూ తొమ్మిది స్నాయువులు. ప్రోబ్‌ను కాస్త వంచగానే స్నాయువులు నల్లబడతాయి, నరం అంతగా మారదు. ఏది ఏదో తేల్చుకోవడానికి చేయి తిరిగినవాళ్ల కిటుకు ఇది. మణికట్టులో ఈ నరం నలిగే కార్పల్ టన్నెల్ జబ్బులో బిగుసుకున్న లిగమెంట్ కిందికి దూరేముందు నరం ఉబ్బుతుంది. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. కరెంటు పరీక్ష, అంటే నర్వ్ కండక్షన్ టెస్ట్, సంకేతం ఎక్కడ మందగించిందో చెబుతుంది. నొక్కుతున్నది నీటితిత్తా, గడ్డా, వాచిన పొరా అన్నది చెప్పలేదు. గాయమైన తొలి వారాల్లో దానికి ఇంకో చిక్కుంది. సంకేతం పూర్తిగా ఆగినప్పుడు నరం తెగిందో, తెగకుండా నలిగిందో దానికి తేడా తెలియదు. సర్జన్‌కు కావాల్సింది సరిగ్గా ఆ తేడానే. అందుకే కరెంటు పరీక్షతో పాటే, మొదట్లోనే, ప్రోబ్ కూడా పెట్టాలన్నది నా వాదన.

బొమ్మలు మోసం చేస్తాయన్న అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా కొట్టేసేది కాదు. 1994లో అమెరికాలో వెన్నునొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. కానీ డిస్కు నరానికి పొరుగుది. పొరుగుది ఉబ్బినంత మాత్రాన నరం దెబ్బతిన్నట్టు కాదు. మణికట్టులో కొలిచేది నరాన్నే. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు ముందే లావెక్కి ఉండొచ్చు కదా అంటే, అదే నరాన్ని ముంజేతిలోనూ కొలిచి పోల్చే పద్ధతి వచ్చింది. మణికట్టులో 1.4 రెట్లో అంతకు మించో ఉంటే నొక్కుడు అక్కడే ఉందని లెక్క. ప్రోబ్‌కు అందని లోతైన చోట్లకు మాత్రం ఎంఆర్ న్యూరోగ్రఫీ, అంటే నరాల కోసం తీసే ఎంఆర్ఐ, కావాల్సిందే. 1993 నుంచి ఆ దారి వేరుగా నడుస్తోంది.

చూసే మనిషిని బట్టి ఫలితం మారుతుందన్న మాట కూడా నిజమే. అయితే దీనికి ముందున్న పద్ధతి దీనికన్నా నికరమైనదేమీ కాదు. కుష్ఠులో మోచేతి దగ్గర అల్నార్ నరం లావెక్కిందా అని వైద్యులు వేళ్లతో తడిమి చూసేవారు, ఇప్పటికీ చూస్తారు. 2009లో సుమన్ జైన్, ఇందిరా నాథ్, నెదర్లాండ్స్‌కు చెందిన లియో విస్సర్ తదితరులు హైదరాబాద్‌లో అల్ట్రాసౌండ్‌తో ఆ నరాల్ని కొలిచి ఫలితాలు ప్రచురించారు. తడిమితే ఉజ్జాయింపుగా తోచే లావు ఇక్కడ చదరపు మిల్లీమీటర్లలో తేలింది. కుష్ఠులో రియాక్షన్, అంటే ఉన్నట్టుండి రేగే వాపు, వచ్చిన కొందరిలో డాప్లర్ పెడితే నరం లోపల రక్తప్రవాహం రంగుల్లో కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న నరంలో ఆ రంగు కనబడదు, వేలికి అసలే తెలియదు.