మీకు తెలుసా? లావా పాలైన ఊళ్లో మిగిలిన చర్చి

ఫిలిప్పీన్స్‌లో మిండనావోకు ఉత్తరాన కామిగిన్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి పాత కతర్మాన్ ఊళ్లోని గియోబ్ చర్చిని స్పానిష్ పాలన కాలంలో కట్టారు. ఇప్పుడు దానికి పైకప్పు లేదు.

1871లో నెలల తరబడి భూమి కంపించింది. ఏప్రిల్ 30న ఆ ఊరి పక్కనే నేల చీలి అగ్నిపర్వతం పేలింది. ఊరు నాశనమైంది, బతికినవాళ్లు వేరేచోట కొత్త కతర్మాన్ కట్టుకున్నారు. లావా మాత్రం ఆగలేదు. నాలుగేళ్లపాటు ఉబికి ఉబికి ‘వల్కాన్’ అనే కొత్త కొండే లేచింది! 1875లో బ్రిటిష్ పరిశోధక నౌక చాలెంజర్ వచ్చేసరికి అదింకా వేడిగానే ఉంది.

పాత ఊళ్లో మిగిలిన చర్చి గోడలు పగడపు రాళ్లవి. దగ్గరికెళ్లి చూడాలి: నాచు పట్టిన రాతిలో ఒకప్పటి సముద్రజీవుల సన్నటి గూళ్లు కనిపిస్తాయి. ప్రార్థనలు జరిగిన చోట ఇప్పుడు చెట్లు ఏపుగా పెరిగాయి.

ఊరి శ్మశానానిది ఇంకా విషాదం. అది సముద్రంలోకి కుంగిపోయింది. 1982లో ఆ చోట నీళ్లమీద పెద్ద సిలువ నిలబెట్టారు. సందర్శకులు ఒడ్డు నుంచి పడవలో అక్కడికి వెళ్తారు. ఈత వచ్చినవాళ్లు నీటి అడుగున పగడాలనూ చూసి వస్తారు.