కాలుతో పాటు నడకా దక్కాలి

"ఎలాగైనా కాలు నిలబెట్టండి డాక్టరు గారూ" అన్న వేడుకోలు, రోడ్డు ప్రమాదాల కేసులు వచ్చే ఏ ఆసుపత్రికీ కొత్త కాదు. కన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు అలా అడగడంలో తప్పు లేదు. కాకపోతే ఆ మాట వెనక ఒక లెక్క ఉంటుంది: కాలు దక్కితే గెలిచినట్టు, తీసేస్తే ఓడినట్టు. ఈ లెక్క ఎంతవరకు నిజమో తేల్చడానికి అమెరికాలో 8 పెద్ద ట్రామా కేంద్రాల వైద్యులు, కాళ్లు నుజ్జయి వచ్చిన 569 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆ ఫలితాలు చాలామంది సర్జన్లనే ఆశ్చర్యపరిచాయి. రెండేళ్లు గడిచాక చూస్తే కాలు నిలిచినవారి జీవితానికీ, తీసేసినవారి జీవితానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తిరిగి పనిలో చేరినవారు మొదటి వర్గంలో 49 శాతం, రెండో వర్గంలో 53 శాతం. ఏదో ఒక సమస్యతో మళ్లీ ఆసుపత్రి పాలైనవారు మాత్రం కాలు నిలుపుకున్నవారిలోనే ఎక్కువ: 48 శాతం దాకా. తీసేసినవారిలో అది 34 శాతం. ఏడేళ్ల తర్వాత కూడా రెండు వర్గాల్లోనూ దాదాపు సగం మంది తీవ్రమైన ఇబ్బందులతోనే బతుకుతున్నారు.

మరి ఎవరు కోలుకున్నారు? చదువు, చేతిలో నాలుగు డబ్బులు, బీమా, పక్కన నిలబడే మనుషులు ఉన్నవారు, సిగరెట్ జోలికి పోనివారు. కత్తి ఎక్కడ పడిందన్నదానికన్నా ఇవే ఎక్కువ తేల్చాయి. కాలు నిలబెట్టడమంటే ఒక్క ఆపరేషన్‌తో తీరే పని కాదు. ముందు రాడ్లో, బయటి నుంచి బిగించే రింగులో వేస్తారు. తర్వాత కండ తెచ్చి కప్పుతారు, చర్మం అతుకుతారు. ఎముకకు చీము పడితే మళ్లీ తెరుస్తారు. నెలలు ఏళ్లవుతాయి, ఈలోగా ఉద్యోగం పోతుంది, పొలం కౌలుకు పోతుంది. ఇంతా చేసి మిగిలిన కాలు బిగుసుకుపోయి, నొప్పితో నేల మీద ఆనకపోతే దాన్ని కాపాడామని అనగలమా? అలాగని ముందే చేతులెత్తేయమనడం లేదు. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు 2006లో ప్రకటించిన స్కోరు ఇక్కడ పనికొస్తుంది. రక్తప్రసరణ ఆగిపోని కాలిలో చర్మం, ఎముక, కండరాలు ఎంత దెబ్బతిన్నాయో విడివిడిగా మార్కులు వేసి, రోగికున్న ఇతర జబ్బులనూ కలుపుతారు. మొత్తం 14 లేదా అంతకన్నా తక్కువైతే కాలు నిలుస్తుందనీ, 17 లేదా ఆపైన ఉంటే తీసేయడమే మేలనీ లెక్క. 15, 16 దగ్గర అంకెలు తీర్పు చెప్పవు. రోగి చేసే పని, వయసు, ఇంటి పరిస్థితి మాట్లాడాల్సింది అక్కడే.

తీసేయక తప్పనప్పుడు ఎక్కడ తీస్తారన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మోకాలి కింద తీసేటప్పుడు మంచి సర్జన్ పిక్క కండను పొడవుగా ఉంచి, ఎముక చివర మీదుగా ముందుకు మడిచి కుడతాడు. రేపు కృత్రిమ కాలు తొడిగినప్పుడు ఒంటి బరువుకు అదే మెత్త. ఎముక ముందంచును అరగదీసి నునుపు చేస్తాడు, పక్కనున్న సన్న ఎముకను ఇంకాస్త పొట్టిగా కోస్తాడు. లేకుంటే అడుగు వేసిన ప్రతిసారీ లోపలి నుంచి పొడుస్తుంది. ఇంత జాగ్రత్తతో చేసిన కోతను ఓటమి అనడం అన్యాయం. మోకాలు మిగిలితే మెట్లెక్కడం, లేచి నిలబడటం సాధ్యమవుతాయి. తొడ దాకా పోతే నడవడానికి ఇంకా ఎక్కువ కష్టపడాలి. "ఇంకో వారం చూద్దాం" అంటూ కుళ్లు పైకి పాకేదాకా ఆగిన కుటుంబాలు పాదంతో పోయేదానికి మోకాలినీ పోగొట్టుకోవచ్చు, ఒక్కోసారి ప్రాణాన్నీ.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. అమెరికాలో మంచి కృత్రిమ కాళ్లు దొరుకుతాయి, మనకెక్కడివి అంటారు. నిజమే. ఆ అమెరికా లెక్కల్లోనే జీవితకాలం ఖర్చు చూస్తే, కాలు తీసేసినవారికి మూడు రెట్లకు పైగా అయింది. కృత్రిమ కాలు అరిగిపోతుంది, మార్చుకుంటూ ఉండాలి మరి. కానీ ఈ అభ్యంతరానికి కొంత జవాబు మన దేశంలోనే 1968లో పుట్టింది. జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి చేసిన రబ్బరు పాదంతో గొంతుకూర్చోవచ్చు, చెప్పుల్లేకుండా బురదలో నడవచ్చు. 1981లో ఒక ప్రమాదంలో కాలు పోయిన నర్తకి సుధాచంద్రన్ ఆ పాదంతోనే నాట్యం చేశారు. 1985లో వచ్చిన 'మయూరి' సినిమా ఆ కథను ఇంటింటికీ తెచ్చింది. అయితే సినిమా చూసి పట్టుదల ఒక్కటే చాలనుకోవడం పొరపాటు. సరిగ్గా అమరే సాకెట్, నెలల ఫిజియోథెరపీ లేకపోతే కృత్రిమ కాలు మూలన పడుతుంది.

ప్రమాదాల మాట అటుంచితే, డాక్టర్లు తొందరపడి కోసేస్తారన్న అనుమానం షుగరు రోగుల విషయంలో పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. వేలు నల్లబడిందనగానే తీసేయడం కాదు, ముందు కాలికి రక్తం అందుతోందో లేదో చూడాలి. మూసుకున్న నాళాన్ని బెలూన్‌తోనో బైపాస్‌తోనో తెరిస్తే కాలు దక్కే అవకాశం ఉంది. ఒంటికంతా విషమెక్కితే మాత్రం రెండో అభిప్రాయానికి తీరిక ఉండదు. అసలు షుగరు వల్ల కాళ్లు పోయిన కేసుల్లో అత్యధికం ఒక చిన్న పుండుతోనే మొదలవుతాయి. అరికాలికి సన్నని నైలాన్ దారం ఆనించి, అది వంగేదాకా నొక్కి, తెలుస్తోందా అని అడిగే పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. షుగరున్న ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారైనా దాన్ని అడిగి చేయించుకోవాలి. కాలు మీద నిర్ణయం తీసుకోవాల్సి వస్తే "కాలు దక్కుతుందా?" అన్నదాంతో ఆగకండి. ఏడాది తర్వాత ఈ మనిషి ఎలా నడుస్తాడు, ఇంకా ఎన్ని ఆపరేషన్లు, తీస్తే మోకాలు మిగులుతుందా, కృత్రిమ కాలు ఎవరిస్తారు అని కూడా డాక్టరును అడగండి.