పల్లేరుకాయకు బ్రాండ్ తెలీదు

యూట్యూబ్‌లో సైకిల్ టైర్ల రివ్యూ ఏది చూసినా గాజుముక్కల గురించే ఎక్కువ చెప్తారు. మన నల్గొండలో కథ వేరు. పానగల్లు వైపో, నార్కట్‌పల్లి వైపో వెళ్లి రోడ్డు అంచున సైకిల్ ఆపి చూడండి. మన టైర్లకు అసలు శత్రువులు రెండు: పల్లేరుకాయ, సర్కారు తుమ్మ ముల్లు. పల్లేరు మొక్కను ఇంగ్లిష్‌లో ‘పంక్చర్ వైన్’ అనే అంటారు. పంక్చర్ తీగ అన్నమాట!

వారమంతా ఆఫీసుకు, ఆదివారం తెల్లవారుజామున లాంగ్ రైడ్‌కు నాది ఒకటే సైకిల్. లైట్లు, టైర్లు అన్నీ ఒకేసారి కొనే బడ్జెట్ అందరికీ ఉండదు. అందుకే ఏది మంచిదనే దానికన్నా ముందు ఏది కొనాలన్నదే అసలు ప్రశ్న. నేనైతే ఈ వరుసలో చెప్తాను.

1. వెనక లైటు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సైకిల్ మీద వెళ్తున్నవాళ్లే నాలుగున్నర వేలకు పైగా ఉన్నారు. తెల్లవారుజామున అద్దంకి హైవే ఎక్కితే వెనక వచ్చే లారీ మనకు కనిపించదు. మనమే దానికి కనిపించాలి.

ఉదయసముద్రం కట్ట దగ్గర చీకట్లో తమ్ముణ్ని దూరంగా నిలబెట్టి లైట్లు ఒక్కొక్కటే వేసి చూపించాను. బ్లింక్ అయ్యేదే వాడి కంట్లో ముందు పడింది. కానీ వాడన్న మాట వినండి: “అన్నా, కనిపిస్తుంది గానీ దగ్గరున్నవో దూరమున్నవో తెలుస్తలేదు.” నిలకడగా వెలిగే లైటుతో ఆ ఇబ్బంది రాలేదు. అందుకే రెండు పెట్టుకోవడం మేలు. సీటు కింద నిలకడగా వెలిగేది, హెల్మెట్‌కో బ్యాగ్‌కో బ్లింక్ అయ్యేది. క్యారియర్ మీద సంచీ కట్టాక లైటు మూసుకుపోయిందేమో చూడండి. ఇది చాలామంది పట్టించుకోరు.

దీంతోపాటు మడమల దగ్గర రెండు రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు తేల్చిన సంగతి ఇది: మోకాళ్లకు, మడమలకు మెరిసే పట్టీలుంటే డ్రైవర్లు సైక్లిస్టును చాలా ముందే గుర్తుపడతారు. తొక్కేటప్పుడు కాళ్లు పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి అక్కడున్నది మనిషని మెదడుకు వెంటనే తెలిసిపోతుంది.

2. టైర్లు

పల్లేరు ముల్లు పొడవు కొన్ని మిల్లీమీటర్లే. ష్వాల్బే మారథాన్ ప్లస్ లాంటి టైరులో ట్రెడ్ కింద 5 ఎంఎం మందం రబ్బరు పొర ఉంటుంది. ముల్లు ట్యూబ్ దాకా వెళ్లడం కష్టం. దీని మైనస్ బరువు. కాంటినెంటల్ గేటర్‌స్కిన్ దీంట్లో సగం బరువు కూడా ఉండదు, వేగంగా దొర్లుతుంది. కానీ దాని రక్షణ పొర పలచన. ట్రైనింగ్‌కు బరువు టైరు నష్టమేం కాదు, కాళ్లకు ఇంకాస్త పని. ఈవెంట్ రోజు తేలికది మార్చుకోవచ్చు. సర్కారు తుమ్మ ముల్లు నిటారుగా దిగితే మాత్రం ఏ టైరుకూ గ్యారంటీ లేదు. స్పేర్ ట్యూబ్ దగ్గర ఉండాల్సిందే.

మన రోడ్లకు 32 నుంచి 35 ఎంఎం వెడల్పు సరిగ్గా సరిపోతుంది, ఫ్రేమ్‌లో చోటుంటే. కొనేటప్పుడు టైరు పక్కన ఉండే మూడంకెల నంబర్ చూడండి. హైబ్రిడ్, రోడ్ సైకిళ్లకు 622 ఉంటుంది. నాన్నల కాలం నాటి 28×1½ పెద్ద సైకిల్‌కు 635. రెండూ పెద్ద చక్రాలే అయినా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. ఇంకో విషయం, సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటే బైకుల పంక్చర్ షాపులో గాలి ఎక్కదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో వేసుకోండి.

3. ముందు లైటు

టౌన్‌లో వీధి దీపాలుంటాయి కాబట్టి చిన్న లైటు చాలు. ఊరు దాటితే అసలు పరీక్ష మొదలవుతుంది. కోతల సీజన్‌లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. రాయి చూసి బ్రేక్ పట్టేలోపు 10 మీటర్లు, ఆగేలోపు ఇంకో 5 పోతాయి. కాబట్టి కనీసం 25 మీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి.

దీనికి 300, 400 లూమెన్లు చాలు. వెయ్యి లూమెన్లని డబ్బా మీద చూసి మోసపోవద్దు, ఆ వెలుగు ఎక్కడ పడుతుందన్నదే ముఖ్యం. జర్మనీ నిబంధనల ప్రకారం చేసిన లైట్లలో వెలుగు పైభాగం కట్ అయి మొత్తం రోడ్డు మీదే పడుతుంది. మామూలు టార్చ్ లాంటి లైటైతే కాస్త కిందికి వంచండి. ఎదురుగా వచ్చే బైకాయన కళ్లు బైర్లు కమ్మితే ప్రమాదం మనకే. వానకు కనీసం ఐపీఎక్స్4 రేటింగ్ ఉండాలి.

బీఆర్ఎం ఆలోచన ఉంటే...

200 కిలోమీటర్ల బీఆర్ఎంకు టైమ్ 13.5 గంటలు. 300కు 20 గంటలు, అంటే చీకట్లో తొక్కక తప్పదు. రాత్రిపూట సైకిల్‌కు బిగించిన లైట్లు, ఒంటిమీద రిఫ్లెక్టివ్ జాకెట్ అక్కడ రూల్. ఆఫీసుకు వెళ్లే దారికి ఆ రూల్ ఎవరూ పెట్టలేదు. మనకు మనమే పెట్టుకోవాలి.

ఈ నెల జీతంలో ఒక్కటే కొనగలిగితే వెనక లైటు కొనండి. పంక్చర్ పడితే నడిపించుకుంటూ అయినా ఇంటికి రావొచ్చు.